ఇంటి లెక్కలు: ఎడారి విడిదియు, దాని తోబుట్టువులును



ఈ మాసము చేరిన ఉత్తరములలో మౌలాలి నుండి ఒక సోదరి వ్రాసినదానికి ముందుగా జవాబు చెప్పదలచితిని. ఆమె యడిగిన సంగతి నేడు జంటనగరములలో పెక్కిండ్ల నడచుచున్నదే.

ఆమె భర్త రైల్వే కొలువులో ముప్పదియేండ్లకు పైగా పనిచేసి, రెండేండ్ల క్రిందట విశ్రాంతి పొందిరి. ఒకనాడు బట్టల దుకాణములో ఎవరో చీటీ యిచ్చి పేరును ఫోను నంబరును వ్రాయించుకొనిరట. పదిదినములకు, బహుమానము వచ్చినదనియు, దంపతులిరువురును హోటలునకు వచ్చి భోజనము చేసి దానిని పుచ్చుకొనవలెననియు పిలుపు వచ్చినది. అచ్చట మూడుగంటలసేపు మాటలతో కూర్చుండబెట్టి, ఎడారిలో ఇసుకతిన్నెల నడుమ క్రొత్తగా కట్టిన విల్లాల చిత్రములు చూపిరి. ఇరువదియైదేండ్లపాటు ఏటేట ఏడు దినములు అచ్చట గాని, అదే కంపెనీకి కొండలమీదను సముద్రతీరమునను ఉన్న తక్కిన విడుదులలో గాని ఉండవచ్చునట. ఆ రాత్రియే సంతకము చేసినచో వెల తగ్గింతుమనిరి. భర్త కలము చేతబట్టగా, ఇంటికి పోయి ఆలోచించి చెప్పెదమని ఆమె లేచి వచ్చినది. నాటినుండి ఫోను మ్రోగుచునే యున్నదట.

ఆమె ప్రశ్న యిది: ఆ క్రొత్త యెడారి విడిది మేలా, దాని తోబుట్టువులైన పాత విడుదులు మేలా? ఉత్తరము చివర మఱియొక మాట కూడ వ్రాసినది. పెండ్లియైన నాటినుండి తాను ఊరు విడిచినది పురుళ్ళకును, పెండ్లిండ్లకును, కర్మలకును మాత్రమేననియు, ఒక్క వారమైనను పొయ్యి ముట్టింపక కూర్చుండవలెనను కోరిక తనకు కలదనియు, అందులకై పదవీవిరమణపు సొమ్మునుండి అయిదు లక్షలు తీయుట పాపమా యనియు అడిగినది.

పాపము కాదమ్మా. ఇంటిల్లిపాదికిని ఆదివారమున్నది, ఇల్లాలికి లేదు. విశ్రాంతి కోరుట న్యాయమే. ఆ విశ్రాంతికి వారు చెప్పు వెల న్యాయమా యనునదియే మనము విచారింపవలసినది.

వంతు విడిది యననేమి?

దీనిని టైంషేర్ అందురు. మన మాటలో వంతు విడిది యనిన సులభముగా బోధపడును. ఇల్లొకటి, ఏడాదికి వారములు ఏబదిరెండు, ఒక్కొక్క వారము ఒక్కొక్క కుటుంబము వంతు. ఈ పద్ధతి ఐరోపాలో పుట్టినది. స్విట్జర్లాండులో హాపిమాగ్ అను సంస్థ 1963 లో దీనిని ఆరంభించినది. ఒకచోటి వంతును మఱియొకచోటి వంతుతో మార్చుకొనుటకై అమెరికాలో 1974 లో ఆర్.సి.ఐ. అను సంస్థ వెలసినది. మన దేశమున స్టెర్లింగ్ సంస్థ 1986 లోను, మహీంద్రా వారి విడుదుల సంస్థ 1996 లోను స్థాపింపబడినవి. మహీంద్రా వారి తొలి విడిది మున్నారు కొండలలోనిది. నేడు కొడగులోను, గోవాలోను, జైసల్మేరు ఎడారిలోను కూడ వారికి విడుదులు కలవు. మొదటి దినములలో ఫలానా యిల్లు, ఫలానా వారము అని నిర్ణయించి అమ్మెడివారు. నేడు మన దేశమున తఱచుగా అమ్మునది అట్టిది కాదు. కంపెనీకి గల విడుదులన్నిటిలోను, ఖాళీ యున్నచోట, ఏడాదికి ఇన్ని దినములు ఉండుటకు హక్కు మాత్రమే.

ఈ పద్ధతి యెందుకు పుట్టినదో మౌలాలి వారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. తమ కొండచుట్టు చూచుకొనిన చాలును. ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడి (1550–1580) నాటినుండి ప్రసిద్ధికెక్కిన ఆ కొండమీది దర్గాకు ఏటేట రజబు మాసమున ఉరుసు జరుగును. నిజాముల కాలమున, ఆ కొలది దినములు వచ్చి నిలుచుటకై ప్రభువులును జాగీర్దారులును కొండ క్రింద తోటలు వేయించి మేడలు కట్టించుకొనిరి. ఉత్సవము ముగియగానే తలుపులకు తాళములు. తక్కిన యేడాదియంతయు పావురములకు నివాసము. వంశము చితికినప్పుడు మేడయు చితికినది. కొలది దినములు వాడుకొనుటకు ఏడాది పొడవున ఒక యింటిని పోషించుట ప్రభువులకే భారమైనప్పుడు మనవంటివారికి సాధ్యమా? కావున ఏబదిమంది కలిసి ఒక యింటిని పోషించుట తెలివైన యూహయే. ఊహలో దోషము లేదు. దోషమున్నచో అది వెలలో నుండును, అమ్మెడి తీరులో నుండును, అన్నిటికంటె ముఖ్యముగా వంతు వచ్చు కాలములో నుండును.

చెఱువు క్రింద పొలమున్న యింట పుట్టినవారు వంతు విలువ నెఱుగుదురు. శ్రావణమున వాన కురియుచుండగా వచ్చిన నీటివంతు దండుగ. పొట్టకు వచ్చిన పైరు ఎండుచుండగా వచ్చిన వంతు బంగారము. అప్పుడు చెఱువెంత పెద్దదని ఎవ్వరును అడుగరు. నా వంతు ఎప్పుడని యడుగుదురు. విడుదులను పోల్చుటయు ఇట్లే. చిత్రములో ఏది అందముగా నున్నదని కాక, మనము పోగల దినములలో ఏది మనకు దొరకునని చూడవలెను.

కాలము

ఎడారి విడిదికి జైసల్మేరును దృష్టాంతముగా తీసికొందము. చూడదగిన చోటనుటలో సందేహము లేదు. రావల్ జైసల్ 1156 లో స్థాపించిన కోట పసుపురాతితో కట్టినది. ఎండ వాలినప్పుడు బంగారువలె మెఱయును. 2013 లో యునెస్కోవారు రాజస్థానపు కొండకోటలతోపాటు దీనిని ప్రపంచ వారసత్వముగా గుర్తించిరి. నేటికిని ఆ కోటలోపల కుటుంబములు కాపురముండుట విశేషము. పట్వాల హవేలీల రాతిజాలరులు, గడీసర్ చెఱువు, నలుబది కిలోమీటర్ల దూరమున సామ్ ఇసుకతిన్నెలు — ఇవన్నియు కన్నులకు పండుగయే.

కాని ఎప్పుడు? మే మాసమున అచ్చట పగటియెండ 40 డిగ్రీలు దాటి, ఒక్కొక్కప్పుడు 45 ను కూడ మించును. ఇసుకమీద కాలు మోపలేము. విల్లాలో చల్లని యంత్రము క్రింద తలుపులు మూసికొని కూర్చుండుటకైనచో మౌలాలిలోనే కూర్చుండవచ్చును. సుఖముగా తిరుగదగిన కాలము నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు. అనగా ఏబదిరెండు వారములలో సుమారు పదునేడు. మన పిల్లల బడులకు పెద్ద సెలవులు ఏప్రిలు చివరనుండి జూను రెండవ వారము వఱకు. దసరాకు సుమారు రెండు వారములు. సంక్రాంతికి కొలది దినములు. పెద్ద సెలవులలో ఎడారి మండును. దసరానాటికి పగటి వేడి యింకను తగ్గదు. కావున మనుమలతో కలిసి ఎడారికి పోగలది సంక్రాంతికి ముందు వెనుకల ఒక్క వారమే. ఆ వారమునకే దేశమంతటి కుటుంబములు పోటీ పడుచుండును.

కొండమీది తోబుట్టువు తీరు దీనికి సరిగా ఎదురు. మున్నారు సముద్రమట్టమునకు సుమారు 1,500 మీటర్ల యెత్తునను, ఊటీ సుమారు 2,200 మీటర్ల యెత్తునను ఉన్నవి. మన బడుల సెలవులలోనే అచ్చట చల్లన. కాని జూను మొదలు ఆగస్టు వఱకు వాన విడువదు. జైసల్మేరున ఏడాదికి కురియునది 200 మిల్లీమీటర్ల చుట్టుపట్ల నుండగా, కొడగులోని మడికేరిలో 3,000 మిల్లీమీటర్లకు మించును. సముద్రతీరపు తోబుట్టువైన గోవాకు నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకే మంచికాలమైనను, వేసవిలో ఉక్కను సహించువారు సాయంకాలము సముద్రపుటొడ్డున గడపవచ్చును. వానకాలమున మాత్రము సముద్రములో దిగుట ప్రమాదము.

ప్రతి తోబుట్టువునకును ఒక చెడుకాలము కూడ కలదు. 2018 ఆగస్టులో కేరళలోను కొడగులోను వరదలు వచ్చి కొండచరియలు విఱిగిపడెను. 2025 మే మాసమున సరిహద్దున పోరు రేగినప్పుడు జైసల్మేరున రాత్రులందు దీపములార్పి కూర్చుండిరి. 2020 లో కోవిడు వలన దేశమంతటను ప్రయాణములే నిలిచిపోయెను. అట్టి యేడు మన ఏడు దినములు ఏమగును? మఱుసటి యేటికి చేరునా, నీళ్ళపాలగునా? చిత్రము చూపినవారిని అడుగవలసిన ప్రశ్నలలో ఇది యొకటి.

ఇందు ఒక సూక్ష్మము గలదు. కంపెనీలవారు కాలములను తరగతులుగా విభజించి అమ్ముదురు. మహీంద్రా వారు ఊదా, ఎఱుపు, తెలుపు, నీలము అని రంగుల పేర్లు పెట్టిరి. సెలవు దినములు దొరకు తరగతికి వెల హెచ్చు. బడిపిల్లలున్న యింటికి హెచ్చు తరగతి కొనక గతి లేదు. కాని పదవీవిరమణ పొందిన దంపతులకు బడిగంటతో పనియేమి? నవంబరు మధ్యభాగము, డిసెంబరు తొలి పక్షము, ఫిబ్రవరి — ఎడారి మిక్కిలి హాయిగా నుండి, బడులు నడచుచుండు దినములివి. పోటీయు తక్కువ. దంపతులిరువురే పోవుటైనచో ఎడారి మంచి తోబుట్టువు. మనుమలతో పోవుటైనచో కొండయే మేలు. మౌలాలి సోదరి మొదట తేల్చుకొనవలసినది ఎవరితో పోవుట యనునది. అది తేలినచో సగము జవాబు దానంతట వచ్చును.

ప్రయాణము

మౌలాలి రైల్వే వారి యూరు. లోకో షెడ్డు, రైల్వే శిక్షణాలయము, రైల్వే కాలనీలు ఉన్నచోట విరమణానంతరము లభించు పాసుల సంగతి నేను చెప్పనక్కఱలేదు. పాసున్నవారికి రైలుచార్జి భారము తగ్గును. కాని దూరము తగ్గదు.

సికిందరాబాదునుండి శబరి యెక్కి ఆలువాలో దిగినచో, అచ్చటినుండి మున్నారునకు సుమారు 110 కిలోమీటర్ల ఘాటుబాట. కాచిగూడనుండి మైసూరునకు రైలు కలదు. మైసూరునుండి మడికేరికి సుమారు 120 కిలోమీటర్లు. గోవాకు 2024 లో సికిందరాబాదునుండి వాస్కో వఱకు వారమునకు రెండుమాఱులు నడచు బండి వేసిరి. రాజస్థానమునకు 2025 జూలైలో కాచిగూడనుండి జోధపురము దాపునగల భగత్ కీ కోఠీకి బండి ఆరంభమైనది. అందు రెండు రాత్రులు గడచును. జోధపురమునుండి జైసల్మేరు మరల సుమారు 300 కిలోమీటర్లు. పోవుటకు మూడు దినములు, వచ్చుటకు మూడు దినములు. మోకాళ్ళనొప్పులున్నవారు ఇది ఆలోచింపవలెను. విమానమున పోవుదమనినచో ఆ చార్జి కూడ విడిది లెక్కలో కలుపవలెను. అమ్మెడివారి కాగితములో అది కనబడదు.

అంతదూరము పోయి ఎడారిలో ఏడు దినములు ఏమి చేయుదుము? కోటకు ఒకదినము, హవేలీలకును చెఱువునకును ఒకదినము, ఇసుకతిన్నెలకు ఒక సాయంకాలము. మూడు దినములలో చూడవలసినది చూచినట్లే. నాల్గవనాడు మరల ఒంటెనెక్కుటకు ఎవరికిని ఉత్సాహముండదు. కొండలలో నట్లు కాదు. ఊరక నడచుచు, కూర్చుండుచు వారము గడపవచ్చును. కావున ఎడారిలో ఏడు దినముల హక్కును విడదీసి మూడు అచ్చట, నాలుగు మఱియొకచోట వాడుకొననిత్తురా యని అడుగవలెను. విడదీయనిచో ఆ హక్కులో సగము గాలికి పోయినట్లే.

పోషణము

మౌలాలి కొండ క్రింద మహలఖా బాయి చందా (1768–1824) తోట కలదు. ఉర్దూలో కవిత్వము చెప్పి ప్రసిద్ధి గాంచిన ఆమె తన తల్లికి అచ్చట సమాధి కట్టించి, చుట్టును తోట వేయించినది. తానును అచ్చటనే నిద్రించుచున్నది. పెక్కేండ్లు ఆ తోట పోషణలేక పాడువడి, 2010–11 ప్రాంతమున అమెరికా ప్రభుత్వపు ధనసహాయముతో బాగుచేయబడినది. కట్టించిన చేయి పోయిన వెనుక పోషించు చేయి యుండవలెను. కావున వంతు విడిదిలో ఏటేట పోషణపు చందా యడుగుట అన్యాయము కాదు. చందా లేనిచో ఆ విల్లాకును పాత మేడల గతియే పట్టును.

అన్యాయమెచ్చటననగా, ఆ చందాకు హద్దు లేకపోవుట. మొదట ఇచ్చు అయిదు లక్షలను అందఱును చూతురు. ఏటేట ఇచ్చు చందాను చిన్నయక్షరములలో వ్రాసియుంతురు. అది ధరలతోపాటు పెరుగును. ఏటికి నూటికి ఆఱు చొప్పున పెరిగినచో పండ్రెండేండ్లకు రెట్టింపు, ఇరువదినాలుగేండ్లకు నాలుగురెట్లు. ఎడారిలో నీరు దూరమునుండి రావలెను. చల్లని యంత్రములు ఏడాదిలో పెక్కు మాసములు ఆడవలెను. ఇసుకగాలికి తలుపులు, యంత్రములు త్వరగా అరుగును. సాధారణముగా చందా విడుదులన్నిటికిని కలిపి వేయుదురు గనుక, మీరు ఎడారి ముఖము చూడకున్నను ఆ ఖర్చులో మీకును భాగము వచ్చును. క్రొత్త తోబుట్టువు పుట్టినప్పుడెల్ల ఇంటి ఖర్చు పెరుగుట సహజమే కదా.

క్రొత్తదానికిని పాతదానికిని మఱియొక భేదము. క్రొత్త విడిది మొదటి యేండ్లలో పెండ్లికూతురువలె మెఱయుచుండును. పది వానలు, పది వేసవులు గడచిన వెనుక అదెట్లుండునో దాని గోడలు చెప్పవు. దాని అక్కల గోడలు చెప్పును. కంపెనీవారి పాత విడిదిలో స్నానపుగది చూచి, అచ్చట దిగియున్న పాత సభ్యురాలి నొకామెను పలుకరించినచో, హోటలులో మూడుగంటలు వినినదానికంటె ఎక్కువ తెలియును.

లెక్క

ఇప్పుడు కాగితము, పెన్సిలు తీయుడు. వెల అయిదు లక్షలు, ఏటి చందా 25,000 అనుకొందము. ఇవి లెక్కకై తీసికొన్న సంఖ్యలు. మీ కాగితములోని సంఖ్యలు వేసి మీరును ఇట్లే చేయవచ్చును.

అమ్మెడివారు చెప్పునది: ఇరువదియైదేండ్లకు 175 రాత్రులు, అయిదు లక్షలను 175 తో భాగించిన రాత్రికి 2,857 రూపాయలు. మిక్కిలి చౌక!

ఇల్లాలు చేయవలసిన లెక్క వేఱు. ఆ అయిదు లక్షలు బ్యాంకులో నూటికి 7 చొప్పున ఉంచినచో ఏటికి 35,000 వడ్డీ వచ్చును. దానికి చందాగా ఈయబోవు 25,000 కలిపిన 60,000. ఈ సొమ్ముతో ఏటేట ఏడు రాత్రులు, రాత్రికి 8,571 రూపాయల చొప్పున, మనకు నచ్చిన యూరిలో, నచ్చిన మాసములో, నచ్చిన విడిదిలో అద్దెకు ఉండవచ్చును. పోని యేడు పోకయే యుండవచ్చును, సొమ్ము మిగులును. అద్దెలు పెరుగును, నిజమే. కాని చందాయు పెరుగునని మఱువరాదు. ఇరువదియైదేండ్లు గడచిన వెనుక అసలు అయిదు లక్షలు చెక్కుచెదరక యుండును. వంతు కొన్నవారికి ఆనాటికి గడువు తీరి చేతిలో మిగులునది కాగితము.

నడుమ అమ్ముకొందమనినను కొనువారు అరుదు. ఇల్లు, నగ కొన్నట్లు దీనిని ఆస్తియని భ్రమింపరాదు. ఆస్తి కాదు, అనుభవము. బొబ్బట్టు తిన్నట్లు తిని సంతోషింపవలసినదే గాని, దాచుకొనుటకు పనికిరాదు.

మఱి యీ బేరము ఎవరికిని తగదా? తగువారు కలరు. వయసులో నుండి, ఇద్దఱు సంపాదించుచు, ఏటేట తప్పక ప్రయాణము చేయు కుటుంబము. ఆఱుమాసములు ముందుగా దినములు నిర్ణయించుకొనగల కుటుంబము. చేతిలో సొమ్మున్నను ఎవరో తఱిమిననే గాని ఇల్లు కదలని కుటుంబము — అట్టివారికి మంచి పేరున్న సంస్థలో వంతు లాభము కావచ్చును. అప్పుచేసి కొనువారికిని, విరమణపు సొమ్ము తీసి కొనువారికిని తగదు.

ఇల్లాలి లెక్క

అంకెలలో రాని లెక్కలు రెండు కలవు.

మొదటిది వంటగది. విల్లాలలో వంటగది యుండుట గొప్పగా చెప్పుదురు. పసిబిడ్డకు పాలు కాచుటకు, పథ్యమున్న పెద్దలకు గంజి కాచుటకు అది మేలే. కాని హోటలుభోజనము ఖరీదని మగవారనగానే, ఉప్పు, పప్పు, ఊరగాయ జాడీ మూటగట్టుకొని పోయి, ఇసుకతిన్నెలకెదురుగా ఉల్లిపాయలు తరుగుచు కూర్చుండునది మనమే. పొయ్యి ముట్టింపని వారము కోరి అయిదు లక్షలిచ్చి, పరాయి యూరిలో మఱియొక పొయ్యి కొనుట యేల? విడిదికి పోకముందే యింట ఒప్పందము చేసికొనవలెను: ఆ వారము పాలు కాచుట తప్ప మఱేమియు వండనని. ఈ యొప్పందము కుదిరినచో ఎడారి యేమి, కొండ యేమి. కుదరనిచో ఏ విడిదియు విడిది కాదు.

రెండవది, చెప్పుటకు కష్టమైనను చెప్పవలసినది. ఇరువదియైదేండ్ల యొప్పందము ఇంటి యజమాని అఱువదిరెండవ యేట చేసినచో, ఎనుబదియేడవ యేట తీరును. ఆయన ముందుగా గతించినచో ఏమగును? కుటుంబపు పింఛను పూర్తి పింఛనుకంటె తక్కువ. చందా మాత్రము తగ్గదు, పెరుగును. ఆ తగ్గిన పింఛనులో ఆ పెరిగిన చందా కట్టవలసినది ఎవరు? కాగితముమీద సంతకము ఆయనదైనను, భారము మోయునది ఆమె. కావున ఒప్పందము ఎవరి పేర నున్నది, భార్యకు హక్కు సంక్రమించునా, ఇష్టము లేనిచో విడుచుకొనుటకు దారి కలదా, బిడ్డలమీద బాకీ పడునా యని వ్రాతమూలకముగా అడుగవలెను. ఆ రాత్రి ఆమె కలమును ఆపుట దానికే పనికివచ్చినది.

జాగ్రత్తలు

ఒకటి. నేటి రాత్రికి మాత్రమే తగ్గింపుధర యనువారితో బేరము వలదు. మంచి సరకు తెల్లవాఱినను మంచిదే. ఐరోపా దేశములలో 2008 లో చేసిన శాసనముచేత ఇట్టి యొప్పందము చేసికొన్నవారికి పదునాలుగు దినములలోపల కారణము చెప్పకయే విరమించుకొను హక్కు కలదు. మన దేశమున వంతు విడుదులకై ప్రత్యేకముగా అట్టి శాసనము లేదు. కావున విరమించుటకు ఎన్ని దినములిత్తురో, ఎంత సొమ్ము పట్టుకొందురో కాగితములో చూచిన తరువాతనే సంతకము.

రెండు. నోటిమాటలకు విలువ లేదు. సంక్రాంతికి తప్పక దొరకును, బంధువులకు ఈయవచ్చును, విదేశములలో ఉండవచ్చును అని చెప్పినవన్నియు ఒక కాగితముమీద వ్రాసి యిమ్మనుడు. వ్రాయనన్నచో అదియే జవాబు.

మూడు. వాడుకొననిచో సొమ్ము పెంచి తిరిగి యిత్తుమనువారినుండి దూరముగా నుండుడు. ముంబయిలోని పాన్‌కార్డ్ క్లబ్స్ అను సంస్థ హోటలు రాత్రులు అమ్మినట్లు చెప్పి, గడువునాటికి సొమ్ము హెచ్చించి యిత్తుమని ప్రజలనుండి 7,000 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసినది. 2014 లో సెబీవారు దానిని ఆపుమని ఆజ్ఞాపించిరి. నిజమైన విడిది సుఖమును అమ్మును, వడ్డీని అమ్మదు.

నాలుగు. ఇదివఱకే కొని బాధపడువారు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ యున్న యూరికి పోనక్కఱలేదు. చెల్లించిన వెల అయిదు లక్షల లోపైనచో రుసుము లేదు. వకీలు లేకయే మీ మాట మీరు చెప్పుకొనవచ్చును. ముందుగా 1915 నంబరునకు ఫోను చేసినచో దారి చెప్పుదురు. రసీదులు, వచ్చిన సందేశములు, దినములు దొరకవని వారు చెప్పిన తారీఖులు ఒక పుస్తకములో వ్రాసి యుంచుకొనుడు.

ఇక మౌలాలి సోదరికి నా సలహా. వంతు కొనవలదు; కోరికను మాత్రము మానవలదు. అయిదు లక్షలు బ్యాంకులో మీ యిరువురి పేర వేసి, దాని వడ్డీని మీ విహారపు సొమ్ముగా వేఱుపెట్టుడు. ఇంటి యితర ఖర్చులకు అది ముట్టరాదని అందఱికిని చెప్పుడు. ఈ మాఘమాసమున దంపతులిరువురును పాసుమీద జోధపురము పోయి ఒకదినము అలసట తీర్చుకొని, జైసల్మేరున మూడు రాత్రులు అద్దెకు ఉండుడు. ఇసుకమీద సూర్యుడు క్రుంకుట చూడుడు. వేసవిలో మనుమలతో కొండలకు పోవుడు. రెండేండ్లు ఇట్లు తిరిగిన వెనుక ఏ తోబుట్టువు మీకు సరిపడునో మీ మోకాళ్ళును మీ మనస్సును చెప్పును. అప్పటికిని వంతు కొనవలెనని తోచినచో, తెలిసి కొందురు.

మీలో ఎవరైన వంతు కొని సుఖపడినవారున్నచో, ఏ యేట ఎన్నాళ్ళు దొరకినవో, చందా ఎట్లు పెరిగినదో లెక్కతో వ్రాయుడు. కష్టపడినవారును వ్రాయుడు. వచ్చిన లెక్కలను పేరులు లేక ఈ పుటలో ప్రకటింతును. ఇంకొక సోదరికి హోటలునకు పిలుపు వచ్చిననాడు చేతిలో నుండును.